గాంధీనగర్ గురించి తిరుగుతున్న మాటలు – ఒక ఖండన

సినిమా రాకముందు బెజవాడకు రంగస్థలమే లేదనీ, డెల్టా పొలాల డబ్బు తిప్పుకోవడానికే సినిమా పంపిణీదారులు ఆ ఊరి గాంధీనగర్‌లో ఆఫీసులు తెరిచారనీ, ఆ వైభవాన్ని ఓటీటీలు ఒక్క దెబ్బతో తుడిచిపెట్టాయనీ చెప్పే సందేశమొకటి ఈమధ్య ఫోన్లలో విపరీతంగా తిరుగుతోంది.

మొదటి మాట పూర్తిగా తప్పు. 1921లో పోతిన శ్రీనివాసరావు గారు మారుతి సినిమా హాలు కట్టించేనాటికే, యడవల్లి సూర్యనారాయణ వంటి నటులున్న మైలవరం నాటక సమాజం కృష్ణా జిల్లాలో పేరు మోసింది. ఆనాటి తెరకు మాటలే లేవు. 1932లో తొలి తెలుగు టాకీ, అంటే మాటలున్న సినిమా, వచ్చినప్పుడు అందులో ప్రధాన స్త్రీ పాత్రకు సురభి నాటకాల నుంచి కమలాబాయిని తీసుకోవలసి వచ్చింది. విశ్వనాథ సత్యనారాయణ గారు పనిచేసిన ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో విద్యార్థిగా ఉన్న ఎన్.టి. రామారావు, మీసం తీయనని పట్టుబట్టి అలాగే స్త్రీ పాత్ర వేసి ‘మీసాల నాగమ్మ’ అనిపించుకున్నది కూడా ఈ ఊరి నాటకంలోనే. అంతెందుకు, గాంధీనగర్‌లోని హనుమంతరాయ గ్రంథాలయానికి నేటికీ నాటకాలు చూడడానికి వెళ్లేవారున్నారు. సందేశం రాసినవారు ఆ మెట్లు ఎక్కినట్టు లేరు.

రెండవ మాటలో సగం నిజముంది. కృష్ణా డెల్టా రైతుల పెట్టుబడి తెలుగు సినిమాను నిలబెట్టిందనడంలో సందేహం లేదు. అయితే డబ్బే కారణమైతే ఆఫీసులు తెనాలిలోనో గుడివాడలోనో వెలిసినా సరిపోయేది. మద్రాసు, హైదరాబాదు, కలకత్తా రైలు మార్గాలు కలిసే జంక్షన్‌కు గాంధీనగర్ ఆనుకొని ఉండడమే అసలు కారణం. ఒక్కొక్కటి దాదాపు వెయ్యి అడుగుల రీళ్లు, రెండున్నర గంటల బొమ్మకు సుమారు 14, రేకు పెట్టెల్లో సర్దుకొని రైలో బస్సో ఎక్కి ఊరూరికీ వెళ్లాలి. పెట్టె వేళకు చేరకపోతే ఆ ఊళ్లో మొదటి ఆట లేనట్టే. అలాంటి వ్యాపారానికి స్టేషన్ పక్కనే ఆఫీసు ఉండాలని ఎవరికైనా తోస్తుంది.

ఇక ఓటీటీల సంగతి. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో మన దేశంలో అడుగుపెట్టింది 2016లో. అప్పటికే క్యూబ్, యూఎఫ్ఓ వంటి డిజిటల్ ప్రదర్శన పద్ధతులు వచ్చి రీళ్లను పక్కకు నెట్టేశాయి. పెట్టెలు సర్దేవారికి, రీళ్లు చుట్టేవారికి, ప్రింట్లు సరిచూసేవారికి పని పోయింది ఆ మార్పు వల్లనే. హాళ్ల వసూళ్లు ఓటీటీల వల్ల తగ్గాయంటే ఒప్పుకోవచ్చు గాని, గాంధీనగర్ ఆఫీసుల సందడి అంతకుముందే సన్నగిల్లింది.