బియ్యం మూటలు పంపితే చాలంట!

ఆ మెసేజి ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. డిగ్రీ బ్యాచి గ్రూపులో రెండుసార్లు, అపార్ట్‌మెంటు గ్రూపులో ఒకసారి. నిన్న పొద్దున అలిపిరి దగ్గర వాకింగ్ చేసేవాళ్ళ గ్రూపులో మా బావే స్వయంగా పెట్టినాడు. చదవని అదృష్టవంతుల కోసం క్లుప్తంగా చెప్తా: "అమెరికా తన బడ్జెట్లో పావు వంతు పరాయి దేశాలకు పంచింది. మన ఎన్నికలు తిప్పడానికి 21 మిలియన్ డాలర్లు పంపింది. అఫ్గానిస్తాన్, సూడాన్‌లలో ఆడవాళ్ళకీ కుర్రోళ్ళకీ మీటింగులని తగలేసింది. ఆకలి దేశాలకు బియ్యం పంపితే చాలు, సంఘాలెందుకు? మనం ఏనాడూ ఎవరి ముందూ చెయ్యి చాచలేదు." కింద మూడు జెండాలు, ఐదు దండాలు.

పావు వంతు కాదు, నూటికి ఒక రూపాయి అటూ ఇటూ. ఇంక ముందుకు పోదాం.

ఆ 21 మిలియన్ల సంగతి. అట్లాంటి సొమ్మేదీ ఇండియాకి రాలేదని అమెరికా రాయబార కార్యాలయమే మన విదేశాంగ శాఖకి చెప్పింది, 2025లో మన ప్రభుత్వం అదే మాట పార్లమెంటులో చెప్పింది. దేశభక్తులు పార్లమెంటు మాటైనా నమ్మాలి కదా.

"బియ్యం చాలు, సంఘాలెందుకు" అనే మాట దగ్గరే నాకు ఒళ్ళు మండింది. 2022 డిసెంబరు 24న తాలిబాన్లు స్వచ్ఛంద సంస్థల్లో ఆడవాళ్ళు పనిచెయ్యకూడదని హుకుం వేసినారు. పెద్ద పెద్ద సంస్థలు కొన్ని వెంటనే పని ఆపేసినాయి. పంతానికి మాత్రమే కాదు, పని సాగక. బియ్యం లారీ ఊరి దాకా వస్తుంది బావా, అక్కడి నుంచి మొగుడు పోయిన ఆమె గడప దాకా ఎవరు పోతారు? పరాయి మగోడు ఆ ఇంట్లోకి అడుగు పెట్టకూడదు. మగ తోడు లేకుండా ఆమె బయటికి రావడం కష్టం. లిస్టులో ఆమె పేరు రాసేది ఇంకో ఆడమనిషే. ఆ ఆడమనిషికి ఇచ్చిన ట్రైనింగునే నువ్వు "మీటింగులు" అంటున్నావు. 2025 ఆగస్టు 31 రాత్రి అఫ్గానిస్తాన్ తూర్పున కునార్‌లో భూకంపం వచ్చినప్పుడు, ఆడ కార్యకర్తల మీద ఆంక్షలు ఎత్తెయ్యండి మహాప్రభో అని ప్రపంచ ఆరోగ్య సంస్థ తాలిబాన్లను అడుక్కోవాల్సి వచ్చింది. గాయపడిన ఆడవాళ్ళను చూసే దిక్కు లేక.

అఫ్గానిస్తాన్ దూరమంటావా? చిత్తూరు నుంచి బస్సెక్కితే గంటలో వెల్లూరు. మన జిల్లాలో ఆ సీఎంసీ ఆసుపత్రి ఫైలు లేని ఇల్లు చూపించు. అది ఎందుకు పుట్టింది? తమిళనాడు తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు ఆడవాళ్ళు కాన్పు కష్టమై చచ్చిపోయినారు. పక్కనే అమెరికా డాక్టరు ఉన్నాడు, మగ డాక్టరు వద్దని ఇంట్లోవాళ్ళే అడ్డం పడినారు. ఆ డాక్టరు కూతురు ఐడా స్కడర్ అది చూసి, తనే పోయి డాక్టరు చదివి వచ్చింది. న్యూయార్కు బ్యాంకరు ఒకాయన ఇచ్చిన 10,000 డాలర్లతో 1902లో వెల్లూరులో ఆడవాళ్ళ ఆసుపత్రి కట్టింది, 1918లో ఆడపిల్లలకు డాక్టరు చదువు మొదలుపెట్టింది. సర్కారు డబ్బు కాదులే, కానీ పరాయి డబ్బే. అప్పుడు బియ్యం మూటలు పంపుంటే సరిపోయేదా?

సూడాన్ కుర్రోళ్ళ మాటకొస్తే, 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైనాక వీధుల్లో గంజి కాచి పోసింది వాళ్ళే. 2025 జనవరిలో అమెరికా డబ్బు ఆగగానే ఆ వంటశాలలు వందల్లో మూతపడినాయి. పౌర సంఘమంటే అక్కడ గరిటె పట్టుకున్నోడు.

ఇప్పుడు నేనే మా బావ చేతికి ఒక కర్ర ఇస్తా. దుబారా నిజం. 2014లో అమెరికా 'ప్రమోట్' అని 75,000 మంది అఫ్గాన్ ఆడవాళ్ళ కోసం భారీ పథకం పెట్టింది. 2018లో దాని గురించి అమెరికా సొంత ఆడిటర్లే తిట్టి పోసినారు: ఖర్చు కనబడుతోంది గానీ ఫలితం కనబడలేదని. చాలా డబ్బు కాంట్రాక్టర్ల జేబుల్లోనే ఆగిపోతుంది. ఈ ఒక్కటి రాసుంటే నేను నోరు మూసుకునేవాణ్ణి. రాయలేదు. తెలిస్తే కదా!

ఆఖరిది, "చెయ్యి చాచలేదు". ఇస్కూల్లో కేర్ అనే అమెరికా సహాయ సంస్థ వాళ్ళ ఉప్మా కోసం అల్యూమినియం గిన్నె పట్టుకుని లైన్లో నిలబడింది ఎవరు బావా? నా ముందు నువ్వే. రెండోసారి కూడా పోయినావు. అదీ వదిలేయ్. 1990లలో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్లలో ఐక్యరాజ్యసమితి డబ్బుతో పొదుపు సంఘాలకు ఊతమిచ్చినారు. ఆ పద్ధతినే 2000లో ప్రపంచ బ్యాంకు అప్పుతో 'వెలుగు' అని మన జిల్లాకి తెచ్చినారు. అప్పే, దానం కాదు, ఒప్పుకుంటా. కానీ ఆ సంఘాల్లో ఏం జరిగిందో నీకు నేను చెప్పాలా? వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి అయిదు రూపాయలు కట్టే అత్త సంఘం లోనుతో జెర్సీ ఆవు కొనింది. పాలబిల్లుతో నీ పాలిటెక్నిక్ ఫీజు కట్టింది. సంఘం మీటింగుకు పోయిన రోజు మామ అన్నానికి అలిగేవాడు, గుర్తుందా?

ఆ మెసేజి ఇంకెవరికీ పంపే ముందు అత్తకి చదివి వినిపించు. ఏమంటుందో వాయిస్ మెసేజి పెట్టు.