సవరణ: ‘ఎకనామికల్ విత్ ది ట్రూత్’ 1986లో పుట్టిన మాట కాదు

మోసపు మాటలకు ఇంగ్లీషులో ఉన్న పేర్ల గురించి మొన్న రాస్తూ, ‘ఎకనామికల్ విత్ ది ట్రూత్’ (మాటకు మాటగా, నిజాన్ని పొదుపుగా వాడటం) అన్నదాన్ని 1986లో బ్రిటన్ కేబినెట్ సెక్రటరీ రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టించారన్నాను. తప్పు. బ్రిటిష్ రాజకీయ చింతకుడు ఎడ్మండ్ బర్క్ 1796లోనే ‘ఎకానమీ ఆఫ్ ట్రూత్’ అని రాశాడు. అదీ మంచి అర్థంలో: అబద్ధానికీ వంచనకూ ఎక్కడా చోటు లేదు, కానీ నిజాన్ని కూడా కొలిచి చెప్పాలి అని.

ఆర్మ్‌స్ట్రాంగ్ సంగతి వేరు. ఒక మాజీ గూఢచారి పుస్తకాన్ని ఆపించాలని బ్రిటిష్ ప్రభుత్వం సిడ్నీ కోర్టుకెక్కిన కేసులో ఆయన సాక్షి. అబద్ధానికీ, తప్పుడు అభిప్రాయం కలిగించడానికీ తేడా ఏమిటని లాయరు మాల్కమ్ టర్న్‌బుల్ (తర్వాతి కాలంలో ఆస్ట్రేలియా ప్రధాని) నిలదీస్తే, ‘ఎవరో అన్నట్టు’ అంటూనే ఈ మాట వాడారు. తనదని చెప్పుకోలేదు. ఆ ‘ఎవరో అన్నట్టు’ను నేను వదిలేయడం ఆయనకు చేసిన అన్యాయమే.

ఇంకొకటి. దీన్ని ‘అబద్ధమాడటం’ అని తెలుగు చేశాను. అదీ సరికాదు. ఇందులో పలికిన ప్రతి ముక్కా నిజమే కావచ్చు. మోసమంతా దాచిన ముక్కలో ఉంటుంది. ధర్మరాజు ‘కుంజరః’ అని గొణిగినట్టు. ‘నిజాన్ని కొంత మింగడం’ అని మార్చి చదువుకోండి.