టపా ప్రచారంలో డబ్బు చిరునామా దగ్గరే పోతుంది

మే నెల వచ్చిందంటే మన పట్టణాల ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో బడుల, కళాశాలల బ్రోచర్లు గుట్టలు పడతాయి. వాటిలో కొన్ని దినపత్రికల మడతల్లో దూరి ఇళ్లకు చేరతాయి, కొన్ని కూడళ్లలో చేతికి అందుతాయి, కొన్ని మాత్రం పేరూ చిరునామా అతికించుకుని కవర్లలో పోస్టాఫీసుకు వెళ్తాయి. ఒక్కో ప్రతి లెక్కన చూస్తే ఈ మూడో దారి అన్నిటికంటే ఖరీదైనది. ఆ ఖర్చుకు తగిన ఫలితం రాకపోతే సంస్థలు వెంటనే కాగితాన్నీ రంగులనూ డిజైనర్‌నూ తప్పుపడతాయి. నా అనుభవంలో అసలు లోపం చాలాసార్లు అంతకుముందే, చిరునామాల జాబితా దగ్గరే మొదలవుతుంది.

కొన్నేళ్ల క్రితం ఒక విద్యాసంస్థ తరఫున మూడు వేల ఉత్తరాలు పంపే పనిలో నేనూ ఉన్నాను. ముఖపత్రం మీద నీలం ఎంత ముదురుగా ఉండాలన్న దాని మీద పది రోజులు చర్చ జరిగింది. జాబితా మాత్రం కవర్లు అంటించే ముందురోజు రాత్రి, నాలుగేళ్ల నాటి దరఖాస్తుల నుంచి దించిన ఎక్సెల్ ఫైలుగా వచ్చింది. తర్వాతి రెండు వారాలూ పోస్ట్‌మ్యాన్ రోజూ కట్టలు కట్టలుగా కవర్లు తిరిగి తెచ్చి ఇచ్చాడు. వాటి మీది అచ్చు ఎంతో చక్కగా ఉండటం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

టపా ద్వారా ప్రచారం చేసే ఈ రంగంలో పేరున్న అమెరికన్ ఎడ్ మేయర్‌కు ఆపాదించే ఒక లెక్క ఉంది. ఫలితంలో 40 శాతం జాబితాది, 40 శాతం ఇవ్వజూపే ప్రయోజనానిది, మిగిలిన 20 శాతమే రాతదీ రూపకల్పనదీ అని దాని సారాంశం. ఇది కొలిచి తేల్చిన అంకె కాదు, అనుభవంతో చెప్పిన మాట. అయినా ఆ వరుసక్రమం మన దగ్గర కూడా సరిపోతుందనే నా నమ్మకం.

తెలుగు చిరునామాల జాబితాకు తనదైన చిక్కులున్నాయి. ఒకే మనిషి ఒకచోట ఇంటిపేరు మొదటి అక్షరంతో, మరోచోట పూర్తి ఇంటిపేరుతో, ఇంకోచోట ఇంటిపేరే లేకుండా నమోదై ఉంటాడు. ఇంగ్లీషు అక్షరాల్లో వెంకటేశ్వరరావు అన్న పేరును నాలుగైదు రకాలుగా రాస్తారు కాబట్టి పేరును బట్టి పునరుక్తులు ఏరివేయమని కంప్యూటర్‌కు చెబితే అది వాళ్లందరినీ వేర్వేరు మనుషులుగా చూసి, ఒకే గుమ్మానికి మూడు కవర్లు పంపిస్తుంది. డోర్ నంబరూ పిన్ కోడూ ఫోన్ నంబరూ కలిపి పోల్చితేనే ఆ జాబితా శుభ్రపడుతుంది. దీనికి తోడు జిల్లాలు మారాయి. తెలంగాణలో పదిగా ఉన్న జిల్లాలు 2016 అక్టోబరులో 31కి, 2019లో 33కి పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. పాత జాబితాలో బాపట్ల ఇంకా గుంటూరు జిల్లాలోనూ, జనగామ ఇంకా వరంగల్ జిల్లాలోనూ ఉంటాయి.

ఇక్కడ మనల్ని ఆదుకునేది పిన్ కోడే. 1972 ఆగస్టు 15న వచ్చిన ఈ ఆరంకెల పద్ధతిలో మొదటి అంకె ప్రాంతాన్నీ, రెండోది ఉపప్రాంతాన్నీ, మూడోది టపాను వేరుచేసే సార్టింగ్ జిల్లానూ, చివరి మూడూ పోస్టాఫీసునూ చెబుతాయి. ఇది పాలనా సరిహద్దులను బట్టి కాక టపా నడిచే దారిని బట్టి గీసిన పటం. అందుకే పుదుచ్చేరికి చెందిన యానాం పిన్ కోడ్ కూడా గోదావరి తీరపు పొరుగూళ్లలాగే 533తో మొదలవుతుంది. తెలంగాణ అంకెలు 50తో, ఆంధ్రప్రదేశ్ అంకెలు సాధారణంగా 51, 52, 53లతో మొదలవుతాయి కనుక రాష్ట్రం పేరుకూ పిన్ కోడ్‌కూ పొసగని వరుసలను ముందే ఏరి సరిచూడవచ్చు. రెండు గంటల ఈ పని చేయించుకోకుండానే లక్షల రూపాయల అచ్చుపనికి పురమాయించే సంస్థలున్నాయంటే విచారంగా ఉంటుంది.

జాబితా సరిపడ్డాక రెండో చిక్కు తెలుగు ఫాంటు. దశాబ్దాలుగా మన ముద్రణను మోసుకొచ్చిన అను వంటి డీటీపీ ఫాంట్లలో తెలుగు రూపాలు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద కూర్చుని ఉంటాయి. కస్టమర్ల పేర్లేమో ఇప్పుడు ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉన్న యూనికోడ్‌లో ఉంటున్నాయి. ఉత్తరం అంతా ఒకటే అయితే ఇబ్బంది లేదు. ప్రతి ప్రతిలో పేరు మారే డిజిటల్ ముద్రణకు దిగినప్పుడు మాత్రం పాత ఫాంటుతో కట్టిన పేజీలో ఆ పేర్లు అర్థంలేని గుర్తులుగా పడతాయి. అందువల్ల పేరు మారే ఉత్తరాన్ని మొదటి నుంచీ యూనికోడ్ ఫాంటుతోనే కట్టించాలి. పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడేవారు అందులో అక్షరాలను పేర్చే కంపోజర్లలో భారతీయ లిపులకు తగినదాన్ని ఎంచుకోవాలి, లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. ప్రూఫ్ చూసేటప్పుడు పొట్టి పేర్లు కాక జాబితాలోని అన్నిటికంటే పొడవైన పేరునూ, ఒత్తులెక్కువ ఉన్న పేరునూ వేయించి చూడాలి.

ఇందులోనే వ్యాకరణం కూడా కలిసి ఉంది. లక్ష్మికి అంటాం, రాముకు అంటాం. పేరు చివరి అచ్చును బట్టి విభక్తి మారుతుంది కాబట్టి ఖాళీలో పేరు నింపి దాని పక్కన ‘కు’ అని ముందే అచ్చువేస్తే సగం ఉత్తరాలు తప్పుగా వెళ్తాయి. పేరు తర్వాత ‘గారికి’ అని పెడితే ఏ పేరుకైనా అతుకుతుంది, మర్యాదా నిలుస్తుంది. శ్రీ, శ్రీమతి అన్నవి జాబితాలో కచ్చితంగా తెలిసినప్పుడే వాడాలి.

కాగితం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ పట్టించుకోవలసింది ముఖ్యంగా బరువు. సాధారణ ఉత్తరానికి తపాలా ఛార్జీ 20 గ్రాములకో అంచె చొప్పున పెరుగుతుంది. 130 జీఎస్ఎం (చదరపు మీటరుకు 130 గ్రాముల) ఆర్ట్ పేపరు ఏ4 సైజులో సుమారు 8.1 గ్రాములు తూగుతుంది. రెండు కాగితాలకు 16 గ్రాములు దాటుతాయి, మామూలు పొడవు కవరు మరో నాలుగైదు గ్రాములు ఉంటుంది కాబట్టి మొత్తం 20 దాటిపోయి ప్రతి కవరు మీదా అదనపు ఛార్జీ పడుతుంది. అవే రెండు కాగితాలను 100 జీఎస్ఎంలో వేస్తే 12.5 గ్రాములతో, కవరు కలిపినా మొదటి అంచెలోనే నిలుస్తాయి. అందుకే ఆర్డరు ఖాయం చేసే ముందు అదే కాగితంతో, అదే కవరుతో, జిగురు కూడా రాసిన ఒక నమూనాను పోస్టాఫీసు త్రాసు మీద పెట్టి చూడాలి. వానాకాలంలో కాగితం తేమ పీలుస్తుంది కనుక అంచుకు ఒక గ్రాము ఇవతలే ఆగడం మేలు. కార్డు పంపేటట్లయితే చిరునామా వైపు నున్నటి పూత లేకుండా ఉంచాలి, అక్కడ సిరా ఆరక, తపాలా ముద్ర పడగానే పిన్ కోడ్ అలుక్కుపోతుంది.

పేర్లే లేనివారు ఏం చేయాలన్నది న్యాయమైన ప్రశ్న. కొత్తగా తెరిచిన ఆసుపత్రికో కిరాణా దుకాణానికో కస్టమర్ల జాబితా ఎక్కడి నుంచి వస్తుంది? తపాలా శాఖకు డైరెక్ట్ పోస్ట్ అన్న సేవ ఉంది. చిరునామా రాయని కరపత్రాలను, ఎంచుకున్న ప్రాంతంలో పోస్ట్‌మ్యాన్ తన బీట్‌లోని ఇళ్లకు పంచుతాడు. దినపత్రికలో పెట్టిన కరపత్రం ఆ పత్రిక తెప్పించుకునే ఇళ్లకే చేరుతుంది, ఇదైతే ఆ పరిమితి లేకుండా వీధి మొత్తానికీ వెళ్లగలదు. ఇటువంటి సంస్థలకు ఎక్కడి నుంచో కొన్న జాబితాకంటే ఇదే సరైన దారని నా అభిప్రాయం. ఎవరో ఇచ్చిన ఫోన్ నంబర్లూ చిరునామాలూ కొని వాడటం మర్యాద కాదన్నది ఒక మాటైతే, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు కూడా వెలువడ్డాయి కాబట్టి, సమ్మతి లేని జాబితా రేపు న్యాయపరమైన భారం కూడా కావచ్చు.

పోస్టు చేసే తేదీని చివరి నుంచి లెక్కించాలి. పాఠకుడి చేతికి ఉత్తరం అందవలసిన రోజును ముందు రాసుకుని, అక్కడి నుంచి బట్వాడాకు, కట్టలు కట్టడానికి, మడతలకు, ఆరడానికి, అచ్చుకు, ప్రూఫుకు వెనక్కి రోజులు వదులుకుంటూ వస్తే జాబితా ఎప్పుడు సిద్ధం కావాలో తేలుతుంది. మధ్యలో పండుగ సెలవులుంటాయి, ఎన్నికలొస్తే ప్రెస్సులకు ఊపిరి సలపదు. కవర్లను పిన్ కోడ్ వారీగా విడదీసి కట్టలు కట్టి ఇస్తే సార్టింగ్‌లో సమయం మిగులుతుంది. పెద్ద సంఖ్యలో ఉంటే ముందుగానే పోస్టాఫీసు అధికారితో మాట్లాడి, స్టాంపులు అంటించాలా, వాటికి బదులు యంత్రంతో ఛార్జీ ముద్ర వేసే ఫ్రాంకింగ్ చేయించాలా అన్నది తేల్చుకోవాలి.

లెక్క ఇలా వేసుకోవచ్చు. అన్నీ కలిపి ఒక్కో ఉత్తరానికి 12 రూపాయలు పడుతుందనుకుంటే 5,000 ఉత్తరాలకు 60,000 అవుతుంది. వందకు ఒకరు స్పందిస్తే 50 మంది, అంటే ఒక్కొక్కరిని రప్పించడానికి 1,200 రూపాయలు. నగల దుకాణానికి అది చవక, టిఫిన్ సెంటరుకు మోయలేని బరువు. అదే జాబితాలో 15 శాతం చిరునామాలు చెడ్డవైతే 9,000 రూపాయలు ఎవరూ చదవకుండానే పోయినట్టు. ఎవరు ఏ ఉత్తరం చూసి వచ్చారో తెలియడానికి ఒక్కో ప్రాంతానికి వేరే కూపన్ సంఖ్యో, వేరే క్యూఆర్ కోడో వేయాలి. మొదటి విడతగా ఐదు వందలే పంపి చూడటంలో తప్పు లేదు.

కవరు మీద పంపినవారి చిరునామా తప్పక అచ్చువేయాలి, అది లేకపోతే చేరని ఉత్తరం మన దగ్గరికి తిరిగి రాదు. తిరిగొచ్చిన కవర్ల మీద పోస్ట్‌మ్యాన్ రాసిన రెండు ముక్కలు, ఇల్లు ఖాళీ చేశారనో ఆ నంబరు లేదనో, జాబితాలో ఆయా పేర్ల ఎదుట ఎక్కించాలి. ఆ పనికి ఒక గుమాస్తాకు ఒక రోజు చాలు. మేం పనిచేసిన ఆ సంస్థలో మరుసటి ఏడు ఈ పని చేయించాం. ఉత్తరాలు తక్కువే పంపాం, తిరిగొచ్చినవి ఒక చిన్న అట్టపెట్టెలో పట్టాయి.