రాజు నాట్యం మానేశాకే బాలే పుట్టింది

పోయిన దీపావళి వేడుకకి మా అమ్మాయి బాలే చేస్తానంది. పేరు ఇచ్చిన రెండు రోజులకి కార్యక్రమాల కమిటీలో ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "అది ఫ్రెంచి వాళ్ళ డాన్సమ్మా, మన స్టేజీ మీద ఎందుకు? కూచిపూడి కూడా నేర్పిస్తున్నావుగా, అది చేయించు" అన్నారు. కోపంగా ఏమీ కాదు, మర్యాదగానే అన్నారు. నేనూ మర్యాదగానే సరేనన్నాను. పిల్ల కూచిపూడే చేసింది, చప్పట్లూ బాగానే పడ్డాయి. కానీ ఆ "ఫ్రెంచి వాళ్ళ డాన్స్" అన్న మాట మాత్రం నాకు మింగుడు పడలేదు. బాలే మొదటి నూరేళ్ళ కథలో ముఖ్యమైన మలుపు ఎక్కడున్నా అక్కడొక ఇటలీ మనిషి నిలబడి ఉంటాడు. మనలాగే పెట్టే బేడా సర్దుకుని పరాయి దేశం వచ్చినవాడు.

ముందుగా వచ్చింది ఒక కొత్త కోడలు. 1533లో ఫ్లోరెన్స్ నుంచి కాథరీన్ ద మెదిచి ఫ్రెంచి రాజు ఇంట అడుగు పెట్టేటప్పటికి ఆమెకి పద్నాలుగేళ్ళు. ఇటలీ దర్బారుల్లో విందులప్పుడు వరసలు కట్టి ఆడే నాట్యాలు ఆమెకి పుట్టింటి అలవాటు. బాలే అన్న మాట కూడా ఇటాలియన్ 'బల్లెత్తో' నుంచి వచ్చిందే. భర్త పోయాక, కొడుకులు ఒకరి తర్వాత ఒకరు గద్దెనెక్కిన కాలంలో రాజ్యం నడిపింది చాలావరకు ఆవిడే. అప్పుడు ఫ్రాన్స్‌లో కాథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ మధ్య యుద్ధాలు. 1572 ఆగస్టులో పారిస్ వీధుల్లో ప్రొటెస్టెంట్లని ఊచకోత కోశారు. ఆ మరుసటి ఏడే, ఆమె కొడుకు హెన్రీకి తమ దేశపు కిరీటం ఇస్తామని పోలండ్ రాయబారులు వస్తే, ట్విల్రీ భవనంలో పదహారు మంది రాణివాసపు స్త్రీలని ఫ్రాన్స్‌లోని పదహారు రాష్ట్రాలుగా అలంకరించి నాట్యం చేయించింది. దేశమంతా ఒక్క తాళానికి అడుగేస్తోందని అతిథులకి చూపించాలి కదా. బయట పరిస్థితి అది, లోపల నాట్యం ఇది.

ఆ నాట్యాన్ని కూర్చినవాడు బల్దసారె ద బెల్జొయోజొ అనే ఇటాలియన్ వయొలినిస్టు. ఫ్రాన్స్ వచ్చాక పేరు బోజ్వాయో అయింది. మన వెంకటేశ్వర్లు గారు ఆఫీసులో 'వెన్' అయిపోయినట్టు. ఎనిమిదేళ్ళ తర్వాత, 1581 అక్టోబర్ 15న, అతనే 'బాలే కొమిక్ ద లా రేన్' ప్రదర్శించాడు. అప్పటికి ఫ్రాన్స్ రాజైన ఆ హెన్రీ భార్య, రాణి లూయీజ్ సవతి చెల్లెలి పెళ్ళి సంబరాలవి. లూవ్ర్ కోట పక్కనున్న పెటీ బూర్బోన్ హాల్లో రాత్రి పదింటికి మొదలై తెల్లవారుజామున మూడున్నర దాకా సాగింది. మగవాళ్ళని మృగాలుగా మార్చే సిర్సీ అనే మంత్రగత్తె కథ. మాటలు, పాటలు, నాట్యం, కదిలే రథాలు అన్నీ ఒకే కథలో ఇమిడాయి. అందుకే చాలామంది చరిత్రకారులు బాలేకి దీన్నే పుట్టినరోజుగా లెక్కేస్తారు.

అక్కడ మనం అనుకునే స్టేజీ లేదు. రాజు ఒక కొసన కూర్చుంటే మిగతావాళ్ళు గోడల వెంబడి ఎత్తు గ్యాలరీల నుంచి కిందికి చూశారు. పైనుంచి చూసేవాళ్ళకి కాలి పనితనం ఏం తెలుస్తుంది? కనిపించేది ఆకారం. అందుకే నర్తకులు వలయాలు, చతురస్రాలు, త్రిభుజాలుగా విడిపోయి కలుస్తారు. మనుషులతో వేసిన ముగ్గు అనుకోండి. బాలే అంటే కొందరు కలిసి ఆడే రేఖాగణిత కూర్పు అని బోజ్వాయో తన పుస్తకంలో రాసుకున్నాడు కూడా.

తర్వాత డెబ్భై ఏళ్ళూ ఇది దొరల వ్యవహారమే. చూసేవాళ్ళూ వాళ్ళే, ఆడేవాళ్ళూ వాళ్ళే. ఫ్రాన్స్ రాజు పదమూడో లూయీ వేషాలు వేశాడు, 1635లో తనే ఒక బాలే కూర్చాడు. ఇక అతని కొడుకు పద్నాలుగో లూయీ సంగతి అందరికీ తెలిసిందే, సూర్యరాజు.

కానీ ఆ సూర్యుడి వెనక ఉన్న చీకటిని ఎక్కువమంది చెప్పరు. లూయీకి పదేళ్ళప్పుడు సామంతులూ పారిస్ న్యాయాధికారులూ తిరగబడ్డారు. 1651 ఫిబ్రవరిలో ఒక రాత్రి, రాజు ఊరొదిలి పారిపోయాడేమోనని జనం రాజభవనంలోకి చొరబడ్డారు. పన్నెండేళ్ళ పిల్లాడు దుప్పటి కింద నిద్ర నటిస్తూ పడుకుంటే, మంచం పక్కనుంచి వరసగా వెళ్ళి చూసుకుని పోయారు. రెండేళ్ళకి, 1653 ఫిబ్రవరి 23న, అదే ఊళ్ళో 'బాలే ద లా న్యూయి'. అంటే రాత్రి బాలే. పొద్దుగూకడంతో మొదలై పొద్దుపొడుపుతో ముగిసే కథ. దొంగలు, బిచ్చగాళ్ళు, మంత్రగత్తెలు, అంటుకున్న ఇంట్లోంచి పరుగెత్తే జనం, ఇలా నలభైకి పైగా ప్రవేశాలు. చివర్లో బంగారు కిరణాలు తొడుక్కుని ఉదయించే సూర్యుడిగా పద్నాలుగేళ్ళ రాజు. ఈసారి రాత్రిని నడిపింది తనే.

దీని వెనక ఎవరున్నారో చూడండి. మంత్రి మజారిన్ ఇటలీలో పుట్టినవాడు. రంగస్థల యంత్రాలు చేసిన తొరెల్లి ఇటాలియన్. చిన్న చిన్న వేషాలు వేసిన ఇరవయ్యేళ్ళ కుర్రాడు జొవన్ని బత్తీస్త లుల్లి కూడా ఫ్లోరెన్స్ వాడే. రాజవంశపు ఆడపడుచు ఒకావిడ ఇటాలియన్ మాట్లాడటం నేర్చుకోవాలంటే తీసుకొచ్చారు అతన్ని. 1661లో ఫ్రెంచి పౌరుడయ్యాడు, పేరు చివరి అక్షరం మార్చుకుని లూలీ అయ్యాడు. పిండిమర నడిపే తండ్రిని కాగితాల్లో ఫ్లోరెన్స్ పెద్దమనిషిని చేసేశాడు. ఇమ్మిగ్రేషన్ ఫారాలు నింపినవాళ్ళకి ఆ టెన్షన్ కొంత అర్థమవుతుంది.

ఇక్కడికి వచ్చేసరికి అందరూ పద్నాలుగో లూయీయే బాలే పితామహుడని ముగించేస్తారు. నేను ఒప్పుకోను. అతను ఆడినంత కాలం అది రాజకీయం. ఎవరు రాజు పక్కన అడుగేశారు, ఎవరు వెనక నిలబడ్డారు అన్నదే లెక్క. అది కళగా నిలబడింది అతను ఆడటం మానేశాక.

1661లోనే అతను పదముగ్గురు గురువులతో నాట్య అకాడమీ పెట్టాడు. యుద్ధాల అలజడిలో నాట్యం చెడిపోయిందనీ, సరిగ్గా నేర్పేవాళ్ళు కరువయ్యారనీ ఆ రాజపత్రంలోనే రాశారు. వయొలిన్ వాళ్ళ సంఘం మండిపడింది. 1321 నుంచి ఉన్న సంఘం అది, నాట్యం నేర్పే హక్కు తమదేనంది. వాద్యం లేనిదే నాట్యమెక్కడిది అని వాళ్ళు, నాట్యం దేని మీదా ఆధారపడదని అకాడమీ వాళ్ళు. ఈ గొడవ ఏ ఊరి కళాసంఘం మీటింగులోనైనా వినొచ్చు.

1670 ప్రాంతానికి రాజు వేదిక దిగాడు. రెండేళ్ళకి లూలీ, అప్పుల జైల్లో ఉన్న పెరాఁ అనే కవి దగ్గర ఒపేరా, అంటే పాటలతో నడిచే నాటకం, ఆడించే హక్కు కొనేసి, రాజు చేత మరింత గట్టి హక్కు రాయించుకున్నాడు. 1673లో నాటక రచయిత మోలియేర్ చనిపోగానే, తనతో ఎన్నో నాటకాలకి కలిసి పనిచేసిన ఆ మనిషి బృందాన్నే బయటికి పంపి వాళ్ళ థియేటర్‌లో దిగాడు. మంచివాడని నేను చెప్పను. కానీ నాట్యం టికెట్టు కొన్న జనం ముందుకి, కట్టిన స్టేజీ మీదికి వచ్చింది అతని వల్లే.

స్టేజీ మారితే దేహం మారాలి. ఇప్పుడు జనం ఎదురుగా ఉన్నారు. పక్కకి జరిగినా ముఖం వాళ్ళ వైపే ఉండాలంటే తుంటి నుంచి కాళ్ళు బయటికి తిప్పి నిలబడటం బాగా పనికొస్తుంది. పాదాలు పెట్టే ఐదు స్థానాలని క్రమబద్ధం చేసింది పియేర్ బోషాం అంటారు. రాజుకి ఇరవై ఏళ్ళకు పైగా నాట్యం నేర్పినవాడు, అచ్చంగా ఫ్రెంచివాడు. ఆ స్టేజీ మీద మొదట్లో ఆడవేషాలు కూడా మగవాళ్ళే, ముసుగులు పెట్టుకుని. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామని చూసి మురిసిన మనకి అదేం వింత కాదు. 1681లో 'ప్రేమ విజయం' అనే బాలేతోనే లా ఫొంతేన్ అనే ఆమె, మరో ముగ్గురు స్త్రీలు లూలీ నడిపే పారిస్ ఒపేరాలో అడుగు పెట్టారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంవత్సరం 1700. రవూల్ ఓజే ఫొయే అనే గురువు 'కొరెగ్రాఫీ' అనే పుస్తకం వేశాడు. నాట్యాన్ని రాయడం అని ఆ పేరుకి అర్థం. మన సినిమా టైటిల్స్‌లో కనిపించే కొరియోగ్రఫీ అన్న మాట అదే. పేజీయే నేల. దాని మీద గీత ఆడేవాడి దారి, గీత పక్కన గుర్తులు అడుగులు, పైన రాగం. బోజ్వాయో ముగ్గు కాగితమెక్కింది. ఆరేళ్ళకి లండన్‌లో ఇంగ్లీషులోకీ వచ్చింది. పారిస్ మొహం చూడనివాడు కూడా పారిస్ అడుగు వేయగలిగాడు. ఆ గుర్తుల పద్ధతి తనదేనని బోషాం 1704లో ఫిర్యాదు చేశాడు. ఏమీ దక్కలేదు, మరుసటి ఏడు పోయాడు. నలభై ఏళ్ళు నేర్పి, తన పేరుండాల్సిన చోట ఇంకొకడి పేరు చూసి పోయిన మనిషి.

నా లెక్కలో ఫ్రెంచివాళ్ళ గొప్ప అది. పరాయి ఇంటి నుంచి వచ్చినదాన్ని పట్టుకుని పేర్లు పెట్టారు, రాశారు, 1713లో దానికి బడి పెట్టారు. అందుకే మా అమ్మాయి టీచర్, ఫ్రెంచి ఒక్క ముక్క రాని అమెరికా పిల్ల, "ప్లియే" అంటే పద్నాలుగు మంది మోకాళ్ళు ఒక్కసారి వంగుతాయి.

ఉగాది వేడుకకి మళ్ళీ పేరు ఇచ్చాను. ఈసారి పెద్దాయన ఫోన్ చేస్తే ఇదంతా చెప్పాలనే ఉంది, ఆయన వినే మనిషే. నాలుగు నిమిషాలే అడిగాను. తెల్లవారేదాకా కాదు.