అంత పెద్ద విశ్వంలో అందరూ చుట్టాలేనా?

ఉగాది భోజనాల దగ్గర పులిహోర వరసలో నిలబడి, యాభై దాటిన ఇద్దరు తెలుగువాళ్ళు గొంతు పెంచి మాట్లాడుకుంటుంటే ఏ రాజకీయాలో అనుకుంటారు. మేం పోట్లాడుకున్నది 'స్టార్ ట్రెక్' గురించి. 'లెగసీ' అనే కొత్త సీరీస్ తియ్యమని కోరుతూ అభిమానులు పెట్టిన పిటిషన్ మీద మా మిత్రుడు సంతకం చేశాడు. నన్నూ చెయ్యమన్నాడు, నేను చెయ్యనన్నాను. వెనకనున్న ఆవిడ "కొంచెం ముందుకి జరగండి బాబూ" అనేదాకా ఆ గొడవ నడిచింది. అక్కడ మింగేసిన మాటలు ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 1966 సెప్టెంబరు 8న అమెరికా టీవీ ఛానల్ ఎన్‌బీసీలో మొదలైన అంతరిక్ష కథల సీరీస్ ఇది. కెప్టెన్ కర్క్, మొనదేలిన చెవుల స్పాక్, ఎంటర్‌ప్రైజ్ అనే నౌక. మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు పూర్తయ్యాక 1969లో ఆపేశారు. మనలో కొందరు దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున చూసే ఉంటారు. నాకు అప్పట్లో ఆ ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, చెవులు మాత్రం గుర్తుండిపోయాయి. అలా ఆపేసినదాని నుంచి తర్వాత పదికి పైగా సీరీస్‌లు, 13 థియేటర్ సినిమాలు పుట్టుకొచ్చాయి. 2026తో 60 ఏళ్ళు నిండుతున్నాయి.

ఇప్పుడు తర్వాతేంటి అన్న ప్రశ్న వచ్చింది. వాటిలో ఒకటైన 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్'ని ఐదో సీజన్‌తో ముగిస్తామని 2025లో ప్రకటించారు. అభిమానుల్లో రెండు కోరికలు గట్టిగా వినిపిస్తున్నాయి. ఒకటి 'లెగసీ'. పికార్డ్ అనే మరో కెప్టెన్ పేరుతో వచ్చి 2023లో ముగిసిన 'పికార్డ్' సీరీస్ చివర్లో సెవెన్ ఆఫ్ నైన్ అనే ఆవిడ కెప్టెన్ అయి కొత్త ఎంటర్‌ప్రైజ్ ఎక్కింది కదా, అక్కణ్ణించి కొనసాగించాలని. రెండోది 'ఇయర్ వన్', అంటే కర్క్ కెప్టెన్‌గా మొదలుపెట్టిన రోజుల కథ. 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్' తీసినవాళ్ళు కూడా దీని మీద మనసుందని బయటికే చెప్పారు.

నాకు రెండూ వద్దు.

పెళ్ళిలో మనవాళ్ళు పరిచయం చేసుకునే పద్ధతి మీకు తెలుసు. "మీదే ఊరండీ?" "తెనాలి." "తెనాలిలో ఎవరి తాలూకు?" స్టార్ ట్రెక్ సరిగ్గా ఈ స్థితికొచ్చింది. కొత్త పాత్ర తెర మీదికి రాగానే ఎవరి తాలూకు అని అడగాల్సి వస్తోంది. 2017లో 'డిస్కవరీ' మొదలుపెట్టారు. కథానాయిక బర్న్‌హమ్ ఎవరంటే స్పాక్ ఇంట్లో పెరిగిన అక్క. యాభై ఏళ్ళుగా చూస్తున్నాం, ఆ మహానుభావుడు ఇంట్లో ఒక అక్క ఉందని ఒక్కసారైనా అన్నాడా? అంతకుముందు 1989 సినిమాలో ఉన్నట్టుండి ఒక సవతి అన్న ఊడిపడ్డాడు. 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్'లో భద్రతాధికారి లా'ఆన్, పాత విలన్ ఖాన్ వంశంలో పిల్ల. అదే ఓడలో కర్క్‌గారి అన్నయ్య శాస్త్రవేత్త. 'పికార్డ్' మూడో సీజన్‌లో పికార్డ్‌కి మనకెవరికీ తెలియని కొడుకున్నాడు, అతని పాత ఇంజనీరు లా ఫోర్జ్‌కి ఇద్దరు కూతుళ్ళున్నారు. మన గెలాక్సీ ఒక్కదాంట్లోనే కనీసం పదివేల కోట్ల నక్షత్రాలున్నాయంటారు. ఇన్ని నక్షత్రాల మధ్య ఎక్కడ ఓడ ఆపినా మనవాళ్ళే!

(ఖాన్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. పూర్తి పేరు ఖాన్ నూనియన్ సింగ్. 1967 ఎపిసోడ్‌లో ఉత్తర భారతం నుంచి వచ్చిన సిక్కు అయ్యుండొచ్చని అంటారు. వేసింది మెక్సికో నటుడు. 2013లో మళ్ళీ వేసింది ఇంగ్లీషు నటుడు. ఈ చుట్టరికంలో మాత్రం మనకి పిలుపు లేదు.)

వారసుల కథలంటే ఏంటో తెలుగు ప్రేక్షకుడికి ఎవరూ నేర్పక్కర్లేదు. తాతగారి డైలాగు మనవడి నోట రాగానే థియేటర్లో కాయితాలు ఎగరేసిన జాతి మనది. ఆ సరదా నాకూ ఉంది, కాదనను. 'పికార్డ్' మూడో సీజన్‌లో పాత ఎంటర్‌ప్రైజ్ దీపాలు వెలిగినప్పుడు నా కళ్ళు చెమర్చాయి. మా అమ్మాయి పక్కనే కూచుని "నాన్నా, ఇందులో ఏముంది?" అని అడిగింది. నిజమే. ఆ దీపాలు నా వయసు వాళ్ళకే వెలిగాయి.

మా మిత్రుడి వాదన ఒకటే: తెలిసిన మొహాలు లేకపోతే ఎవడు చూస్తాడు? చరిత్ర వేరేగా చెబుతోంది. ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద విజయం 1987లో వచ్చిన 'నెక్స్ట్ జనరేషన్'. ఏడు సీజన్లు, 178 ఎపిసోడ్లు. దాదాపు వందేళ్ళ తర్వాతి కథ, ఓడ నిండా కొత్తవాళ్ళు, కెప్టెన్ పికార్డ్‌గా బట్టతల బ్రిటిష్ రంగస్థల నటుడు. పాత డాక్టర్ మెకాయ్ మొదటి ఎపిసోడ్‌లో కాసేపు ముసలాయనగా కనిపించి, అక్షింతలు వేసినట్టు నాలుగు మాటలు చెప్పి వెళ్ళిపోయాడు. అది మర్యాద. మరి తెలిసిన మొహంతో తీసినదాని సంగతి? 'సెక్షన్ 31'ని ముందు సీరీస్ అన్నారు, చివరికి 2025 జనవరిలో టీవీ సినిమాగా వదిలారు. ఆస్కార్ అందుకున్న మిషెల్ యో ఉంది, 'డిస్కవరీ'లో అందరికీ నచ్చిన పాత్ర ఉంది. అయినా విమర్శకులు చీల్చి చెండాడారు. నేను సగంలో లేచి గిన్నెలు కడుక్కున్నాను.

పిట్టకథ ఎలా చెప్పాలో మనకి పాతకాలం నుంచీ తెలుసు. 1957లో కె.వి. రెడ్డి గారు 'మాయాబజార్' తీశారు. భారతంలోని మనుషులే, కానీ పాండవులు ఒక్కరూ తెర మీదికి రారు! శశిరేఖ పెళ్ళి కథ వ్యాసుడి భారతంలో లేనే లేదు. ఇంతకంటే ధైర్యమైన స్పినాఫ్ ఏ దేశంలోనైనా వచ్చిందా?

ఇదే ముక్క పులిహోర వరసలో అంటే మా మిత్రుడు ఠక్కున పట్టుకున్నాడు. "అభిమన్యుడు అర్జునుడి కొడుకు, ఘటోత్కచుడు భీముడి కొడుకు. నువ్వు వద్దంటున్న వారసులే కదా!" ఒక్క క్షణం నోట మాట రాలేదు. ఇంటికొచ్చి కారు ఆపుతుంటే జవాబు తట్టింది. కొడుకులే, కానీ ఆ సినిమా మొత్తంలో వాళ్ళు నాన్నల ఫోటో ముందు నిలబడి కన్నీళ్ళు పెట్టుకోరు. ఘటోత్కచుడికి తన గొడవ తనకుంది, తన శిష్యులున్నారు, ముందు పెళ్ళిభోజనం ఉంది. చుట్టరికం తప్పు కాదు. ఎంతసేపూ వెనక్కి తిరిగి దణ్ణాలు పెట్టుకుంటూ ఉండటమే నాకు నచ్చనిది.

అలా వెనక్కి చూడకుండా నడిచినవి స్టార్ ట్రెక్‌లోనూ ఉన్నాయి. 1993లో వచ్చిన 'డీప్ స్పేస్ నైన్'లో కథ నడిచేది ఎటూ కదలని ఒక స్టేషన్‌లో. పరాయివాళ్ళు ఏళ్ళ తరబడి దోచుకుపోయిన బేజోర్ అనే గ్రహం పక్కన, ఆ దోచుకున్నవాళ్ళు వదిలిపోయిన కట్టడంలోనే కాపురం. కమాండర్ సిస్కో భార్య పోయినవాడు, ఒక్కగానొక్క కొడుకుని పెంచుకుంటుంటాడు. పాత సీరీస్ నుంచి ఇక్కడ కాపురానికి ముందుగా వచ్చింది ఎవరంటే కెప్టెన్ కాదు, ఓబ్రయన్ అనే ఇంజనీరు. ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన గవర్నమెంటు ఉద్యోగిలా పెళ్ళాంబిడ్డతో సామాను దించుకున్నాడు. అప్పట్లో దీన్ని చాలామంది పెదవి విరిచి చూశారు. ఇవాళ అన్నిట్లోకీ ఇదే గొప్పదనేవాళ్ళు బోలెడంతమంది, అందులో నేనొకణ్ణి.

'లోయర్ డెక్స్' సంగతి ఇంకా ముచ్చటైనది. 1994లో 'నెక్స్ట్ జనరేషన్'లో ఆ పేరుతో ఒక్క ఎపిసోడ్ వచ్చింది, పైఅధికారులు కాకుండా కింది ఉద్యోగుల కథ. ఆ విత్తనం 26 ఏళ్ళు నేలలోనే ఉండి 2020లో కార్టూన్ సీరీస్‌గా మొలిచింది, 50 ఎపిసోడ్లు నడిచింది. కొత్త గ్రహానికి మొదట వెళ్ళి చేతులు కలిపేది పెద్ద ఓడ. ఆ తర్వాత వెళ్ళి కాయితాల పని చూసుకొచ్చేది వీళ్ళ ఓడ. తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ పక్కకి తప్పుకోగానే కేతిగాడూ బంగారక్కా వచ్చి వాళ్ళ మీదే జోకులేస్తారు చూడండి, అదీ వరస.

'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్' నా వాదానికి అడ్డం పడుతుందని నాకు తెలుసు. 1965లో ఎన్‌బీసీ వద్దన్న మొదటి పైలట్‌లోని కెప్టెన్ పైక్‌ని 57 ఏళ్ళ తర్వాత హీరోని చేశారు. వెనక్కి చూడటమే, కానీ బాగుంది. ఎందుకంటే పైక్‌కి తన బతుకు ఎలా ముగుస్తుందో ముందే తెలుసు. పద్యనాటకానికి వెళ్ళేవాడికి కథ తెలియదా? తెలిసే వెళతాడు. కర్క్ మొదటి ఏడాదికి అలాంటి బరువేం లేదు. అతను పెద్ద కెప్టెన్ అవుతాడు, అంతేగా.

మరి ఏం కావాలి నీకు అని అడుగుతారు. నాకు వాయేజర్ దిగినవాళ్ళ కథ కావాలి.

నేను అమెరికా వచ్చిన కొత్తలో 'వాయేజర్' వచ్చేది. నలుగురు కుర్రాళ్ళం, ఒక అపార్ట్‌మెంటు, ఎవరో వదిలేసి వెళ్ళిన టీవీ. ఆ ఓడ ఇంటికి 70,000 కాంతి సంవత్సరాల దూరం విసిరివేయబడుతుంది, తిరిగి చేరడానికి 75 ఏళ్ళు పడుతుందంటారు. అప్పుడది సైన్స్ ఫిక్షన్ అనుకున్నాం. గ్రీన్‌కార్డు క్యూలో చేరాక డాక్యుమెంటరీ అనుకున్నాం. ఏడు సీజన్ల తర్వాత 2001లో భూమి కనిపించింది, సీరీస్ అయిపోయింది. దిగి నేల మీద కాలు పెట్టింది చూపించనే లేదు. చివరి ఎపిసోడ్‌లో వేరే కాలంలో ఒక రీయూనియన్ పార్టీ చూపించారు కానీ, ఆ కాలాన్ని ఆ కథే చెరిపేసింది.

ఆ ఓడలో నయోమీ వైల్డ్‌మన్ అనే పిల్ల ఉంది. ప్రయాణంలోనే పుట్టింది. వాళ్ళమ్మ మామూలు ఎన్సైన్, అంటే చిన్న అధికారి, పేరు ఎవరికీ గుర్తుండదు. నాన్నని ఎప్పుడూ చూడలేదు. 'ఇల్లు' అంటే పెద్దవాళ్ళ నోట విన్నదే. అందరూ ఏడుస్తూ నవ్వుతూ ఇల్లు చేరామంటుంటే, ఆ పిల్ల ఉన్న ఒక్క ఇంటినీ వదిలి దిగాలి. మా అమ్మాయిని ఆరేళ్ళప్పుడు మొదటిసారి విజయవాడ తీసుకెళ్ళాం. మూడో రోజు మా అమ్మ ఒళ్ళో కూచునే "ఇంటికి ఎప్పుడెళ్తాం?" అని అడిగింది. మా అమ్మ మొహం నాకింకా గుర్తుంది. ఆ ఒక్క ప్రశ్న మీద మూడు సీజన్లు నడపొచ్చు. తిరుగుబాటుదారులుగా ముద్రపడి అదే ఓడలో ఏడేళ్ళు ఉద్యోగం చేసినవాళ్ళున్నారు. దిగగానే వాళ్ళకి దండ వేశారా, బేడీలు వేశారా?

అది కుదరకపోతే రెండో కోరిక ఉంది. 'డిస్కవరీ' మూడో సీజన్ మొదటి ఎపిసోడ్, 2020లో వచ్చింది. ఫెడరేషన్, అంటే ఈ ఓడలన్నీ ఎవరి తరఫున తిరుగుతాయో ఆ గ్రహాల కూటమి, కూలిపోయి వందేళ్ళు దాటిన కాలం. ఒక మూల స్టేషన్‌లో ఆదిత్య సాహిల్ అని ఒకతను, వేసింది అస్సాం నటుడు ఆదిల్ హుసేన్. నలభై ఏళ్ళుగా రోజూ పొద్దున లేచి, కోటు తొడుక్కుని ఆఫీసులో కూచుంటాడు. ఎవరూ రారు. తండ్రీ తాతా కూడా అదే పని చేశారు. జెండా ఉంది, కానీ అధికారికంగా నియమించినవాళ్ళే ఎగరెయ్యాలని నియమం, ఇతన్ని నియమించేవాళ్ళు లేరు. అందుకని మడతపెట్టి దాచాడు. బర్న్‌హమ్ వచ్చి అతన్ని అధికారిగా నియమిస్తుంది, ఇద్దరూ కలిసి జెండా కడతారు. ఆ తర్వాత కథ ఆమె వెంట పోయింది. నా మనసు అక్కడే ఉండిపోయింది.

మా ఊరి గుడి కింద గదిలో తెలుగు పుస్తకాల బీరువా ఒకటుంది. ఒక పెద్దాయన ప్రతి నెలా మొదటి ఆదివారం వచ్చి తాళం తీసి రెండు గంటలు కూచుంటారు. పుస్తకం తీసుకునేవాళ్ళు లేని నెలలే ఎక్కువ. సాహిల్‌ని చూసినప్పుడు నాకు ఆయన గుర్తొచ్చారు.

ఇదంతా ఫోన్లో మా మిత్రుడికి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "అంతా బాగుంది గానీ, నలభై ఏళ్ళు ఆ సాహిల్‌కి జీతం ఎవరిచ్చార్రా?" అన్నాడు. తర్వాత కాసేపు ఇద్దరం అదే ఆలోచించాం: తిండి ఎక్కణ్ణించి వచ్చేది, ఒంట్లో బాగోకపోతే ఎవరు చూసేవారు, పెళ్ళయిందా అని. వాడు 'లెగసీ' మాట మళ్ళీ ఎత్తలేదు. పిటిషన్ మీద సంతకం మాత్రం అలాగే ఉంచాడు.