దొరకకుండా ప్రచురించుట ఎట్లు?

ప్రభుత్వ సమాచారాన్ని ప్రజలకు చెప్పడం, చెప్పకపోవడం అని రెండే మార్గాలున్నాయని చాలాకాలం అందరూ నమ్మారు. మన శాఖల వెబ్‌సైట్లలో ఉండే ‘డౌన్‌లోడ్స్’ పేజీ మూడో మార్గాన్ని కనిపెట్టింది. కావలసిన కాగితం అక్కడే ఉంటుంది, కావలసినవాడికి మాత్రం కనపడదు. పాము చావదు, కర్ర విరగదు, పైగా పామును కొట్టినట్లు రిజిస్టరులో నమోదు కూడా అవుతుంది. ఇంత గొప్ప పరిపాలనా ప్రక్రియ మీద ఇప్పటిదాకా ఒక శాస్త్రగ్రంథం గానీ, కనీసం రెండు రోజుల శిక్షణ తరగతి గానీ రాకపోవడం విచారకరం. ఆ లోటును కొంతైనా పూడ్చాలన్న సదుద్దేశంతోనే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి చూద్దాం. 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం ప్రతి కార్యాలయమూ తన రికార్డులకు జాబితా, సూచిక తయారు చేసుకోవాలి. ఎవరూ అడగకముందే 17 అంశాల సమాచారాన్ని 120 రోజుల్లోగా బయటపెట్టాలి. అది కూడా ప్రజలకు సులభంగా అందే రూపంలో ఉండాలి. మొదటి రెండు షరతులూ ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. సమాచార అధికారి పేరు, హోదా, ఫోన్ నంబరు ఒక పట్టికలో పెట్టి, ఆయన పదవీ విరమణ చేసి మనవళ్లను ఆడించుకుంటున్నా ఆ పట్టికను అలాగే ఉంచితే పదిహేడింటిలో ఒకటి పూర్తయినట్లే. చిక్కల్లా మూడో షరతుతోనే వచ్చింది. ఆ షరతును ఉల్లంఘించకుండా దాటడమెలాగన్నదే మన శాస్త్రానికి మూలం.

ఈ శాస్త్రంలో ప్రవేశం లేనివారే మొరటు పద్ధతులకు దిగుతారు. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను తన పోర్టల్‌లో పెట్టే అలవాటునే మానుకుంది. అంతకుముందు నంబరు మాత్రం ఉండి లోపల విషయం లేని ఖాళీ జీవోలు కూడా దర్శనమిచ్చాయి. దానివల్ల ఒరిగిందేమిటి? పత్రికల్లో శీర్షికలు, హైకోర్టులో వ్యాజ్యాలు, ప్రతిపక్షానికి ఒక నినాదం. ప్రభుత్వం మారాక 2024 ఆగస్టులో వాటిని మళ్లీ పెట్టడం మొదలుపెట్టారు. ఆ 2021 ఆగస్టులోనే తెలంగాణ హైకోర్టు కూడా జీవో వెలువడిన 24 గంటల్లోగా అది వెబ్‌సైటులో ఉండాలని ప్రభుత్వానికి చెప్పవలసి వచ్చింది. రెండు రాష్ట్రాలూ అనవసరంగా కోర్టు మెట్లెక్కాయని నా అభిప్రాయం. జీవోను తీసేస్తే ఎవరైనా పిటిషన్ వేస్తారు. అదే జీవోను పేరు మార్చి, పక్కకు తిప్పి స్కాన్ చేసి, వేరే శీర్షిక కింద పెడితే ఏ సెక్షన్ కింద వేస్తారు?

ఇక ఫైలు పేరు దగ్గరికి వద్దాం, ఎందుకంటే కార్యసిద్ధి సగం అక్కడే జరిగిపోతుంది. ఒక జిల్లాలో ఉపాధ్యాయుల సీనియారిటీ జాబితా తయారైందనుకుందాం. ముందు తాత్కాలిక జాబితా వస్తుంది, దాని మీద అభ్యంతరాలు వస్తాయి, సవరించిన తాత్కాలిక జాబితా వస్తుంది, ఆ తరువాత తుది జాబితా వస్తుంది, చివరికి తుది జాబితాకు సవరణ వస్తుంది. లోకజ్ఞానం లేని ఆపరేటరైతే జిల్లా, కేడరు, సబ్జెక్టు, తేదీ అన్నీ కలిపి ఆ ఫైలుకు పేరు పెడతాడు. అనుభవజ్ఞుడు మాత్రం స్కానర్ పుట్టించిన ‘స్కాన్0001’ అన్న పేరుతోనే దానిని ఎక్కిస్తాడు. మరుసటి వారం జాబితా కూడా ‘స్కాన్0001’గానే పుడుతుంది కనుక, సైటు తనంతట తానే పేరు చివర ఒక సున్నానో ఒకటో తగిలించుకుంటుంది. పదోన్నతి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న మాస్టారు తన సెల్‌ఫోన్ తెరిస్తే ఒకే పేరుగల ఫైళ్లు అరడజను బారులు తీరి నిలబడి ఉంటాయి. దేనిలో తాను 43వ వరుసలో ఉన్నాడో, దేనిలో 61కి జారాడో ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవలసిందే. ఇంకొంచెం కళాహృదయం గలవారు ‘ఫైనల్ లిస్ట్ రివైజ్డ్ న్యూ ఫైనల్ 2’ వంటి పేర్లు పెడతారు. జాబితాను శుక్రవారం సాయంత్రం ఆఫీసు వేళ దాటాక ఎక్కించి, అభ్యంతరాలున్నవారు సోమవారం మధ్యాహ్నంలోగా ఆధారాలతో స్వయంగా హాజరు కావాలని రాయడం ఈ ప్రక్రియకు పరాకాష్ఠ.

తేదీల విషయంలో మనం శ్రమపడనక్కరలేదు, కంప్యూటరే సహకరిస్తుంది. మనవాళ్లు రోజు, నెల, సంవత్సరం అనే క్రమంలో తేదీ వేస్తారు. కంప్యూటరు దానిని తేదీగా కాక వట్టి అక్షరాలుగా తీసుకుని వరుస పెడితే 01-04-2019 తరువాత 01-04-2023, దాని తరువాత 02-01-2018 వస్తాయి. అంటే అన్ని సంవత్సరాల ఒకటో తారీఖులూ ఒకచోట, రెండో తారీఖులూ ఒకచోట బంధువుల్లా కలిసి కూర్చుంటాయి. సంవత్సరాన్ని ముందు రాస్తే చాలు, వరుస దానంతట అదే కుదురుతుంది. ఇంత చిన్న చిట్కా ఇంతకాలంగా ఎవరి కంటా పడకుండా కాపాడుకోవడం సామాన్యమైన విషయం కాదు. వీటికి తోడు, ఎనిమిదేళ్ల కిందటి నోటిఫికేషన్ పక్కన ఎర్రగా మిణుకుమిణుకుమనే ‘న్యూ’ అన్న బొమ్మ ఉంటే పేజీకి నిండుదనం వస్తుంది.

అన్నిటికంటే మెచ్చుకోదగినది స్కానింగ్ ఘట్టం. ఉత్తర్వు కంప్యూటరులోనే టైపవుతుంది. ఆ క్షణంలో దానిలోని ప్రతి మాటా వెతికితే దొరుకుతుంది, కాపీ చేస్తే వస్తుంది, చూపు లేనివారికి స్క్రీన్ రీడర్ దానిని చదివి వినిపిస్తుంది. ఇంత ప్రమాదకరమైన స్థితిలో ఉన్న పత్రాన్ని అలా వదిలేయడం క్షేమం కాదు కనుక వెంటనే ప్రింటు తీస్తారు, ఆకుపచ్చ సిరాతో సంతకం చేయిస్తారు, గుండ్రటి ముద్ర వేస్తారు, డిస్పాచ్ నంబరు వేస్తారు, ఆ ప్రతిని జిరాక్స్ తీస్తారు, ఆ జిరాక్స్‌ను స్కాన్ చేస్తారు. ఎలక్ట్రానిక్ సంతకం చెల్లుతుందని 2000 నాటి ఐటీ చట్టం చెబుతున్న మాట నిజమే కానీ, ఆకుపచ్చ సిరాకున్న గాంభీర్యం దానికెక్కడిది? జిరాక్సులో అది నల్లగా వస్తుందన్నది వేరే సంగతి. ఏ4 కాగితాన్ని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే అడ్డంగా సుమారు 4,960, నిలువుగా 7,016 చుక్కలు పడతాయి. మొత్తం దాదాపు 3 కోట్ల 48 లక్షల చుక్కలు. రెండు వాక్యాల మెమో కోసం ఇన్ని కోట్ల చుక్కలు ఖర్చవుతాయి, వాటిలో కంప్యూటరు పోల్చుకోగల అక్షరం ఒక్కటీ ఉండదు. ఇక మూడో పేజీ పక్కకు పడుకుని ఉంటుంది, ట్యాగు గుచ్చిన రంధ్రం సరిగ్గా జీవో నంబరు మీదే పడుతుంది, అంచున ఎవరిదో బొటనవేలు సాక్షి సంతకంలా కనపడుతుంది. కేంద్ర ప్రభుత్వం 2020 జూన్ 29న నిషేధించిన 59 యాప్‌లలో, ఫోన్‌తోనే కాగితాలు స్కాన్ చేసే కామ్‌స్కానర్ ఒకటి. ఆ తరువాత కూడా కొంతకాలం దాని ముద్ర సర్కారు కాగితాల అడుగున రాజముద్రతో సమాన హోదాలో వెలిగింది.

వెబ్‌సైటులో పెట్టే పత్రాలు ఈపబ్ అనే ఈ-పుస్తక రూపంలో గానీ, అక్షరాలను గుర్తించగల పీడీఎఫ్ రూపంలో గానీ ఉండాలని 2017 నాటి దివ్యాంగుల హక్కుల నియమావళిలోని 15వ నియమం చెప్పింది. ఆ నియమావళినే బొమ్మగా స్కాన్ చేసి పెట్టిన ఒక శాఖను చూసినప్పుడు చేతులెత్తి మొక్కాలనిపించింది. తెలుగు పత్రాలకైతే ఇంత కష్టం కూడా అవసరం లేదు. అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే ఉమ్మడి అక్షర సంకేతాల పద్ధతి యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉన్నా, దానిని పట్టించుకోకుండా పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేస్తే చాలు; కాపీ చేసి అతికించినవాడికి ఏ భాషకూ చెందని గుర్తుల గుంపు వస్తుంది.

వర్గీకరణ గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. ‘డాక్యుమెంట్స్’, ‘డౌన్‌లోడ్స్’, ‘పబ్లికేషన్స్’, ‘సర్క్యులర్స్’, ‘లేటెస్ట్ అప్‌డేట్స్’, ‘అదర్స్’ అని ఆరు గదులు కట్టడం, ఏ కాగితం ఏ గదిలో ఉంటుందో కట్టినవాడికి కూడా తెలియకుండా చూడడం ప్రాథమిక దశ. ఉన్నత దశలో కాగితాన్ని దాని విషయాన్ని బట్టి కాక, దాని మీద ఎవరు సంతకం చేశారన్నదాన్ని బట్టి విభజిస్తారు. జీవో, మెమో, సర్క్యులర్, ప్రొసీడింగ్స్ అన్న భేదం సెక్షన్‌లో పనిచేసేవారికి ప్రాణప్రదం. పింఛను ఫారం కోసం వచ్చిన ముసలమ్మకు, ఆ ఫారం మెమోకు జతచేసిన అనుబంధమా, ప్రొసీడింగ్స్‌లోని రెండో ప్రొఫార్మానా అన్నది తెలియకపోవడం ఆమె తప్పే. జీవోల నంబర్లు ఒక్కో శాఖకు విడివిడిగా ఉంటాయి, ఏటా జనవరిలో మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి, వాటిలోనూ ఎంఎస్, ఆర్‌టీ అని రెండు వంశాలున్నాయి. అందువల్ల ‘5వ నంబరు జీవో’ అన్నది వందలాది కాగితాల ఉమ్మడి పేరు. శాఖ పేరు చెప్పకుండా నంబరుతోనే ఇంటింటా తెలిసే యోగం తెలంగాణలోని స్థానికేతర ఉద్యోగులను వెనక్కి పంపాలన్న 1985 డిసెంబరు 30 నాటి 610 జీవో వంటి ఏ కొద్దిమందికో పడుతుంది. దానికి కూడా పాతికేళ్లకు పైగా ఉద్యమాలు నడపవలసి వచ్చింది.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు గుమాస్తాలకు ఈ నేర్పు లేదు. ముగిసిన ఫైలు శాశ్వతంగా ఉంచవలసినదైతే ఆర్.డిస్., పదేళ్లు ఉంచవలసినదైతే డి.డిస్., ఏడాదిలో తీసేయవలసినదైతే ఎల్.డిస్. అని నంబరు వేసి, గుడ్డలో మూటగట్టి రికార్డు గదిలో పెట్టేవారు. ఎలుకలు కొట్టినా, చెదలు పట్టినా, ఏ మూట ఏ బీరువాలో ఉందో రికార్డు అసిస్టెంటు చీకట్లో కూడా చెప్పగలిగేవాడు. ఇప్పుడు ఎలుకలు లేవు, చెదలు లేవు, మూట కూడా లేదు. సైటును కొత్తగా తీర్చిదిద్దిన ప్రతిసారీ పాత లింకులన్నీ ఒక్క దెబ్బకు కాలం చేస్తాయి, కనుక ఏది శాశ్వతమో ఏది ఏడాదిదో తేల్చే శ్రమ ఎవరికీ లేదు.

ఈ రంగానికి అసలు ముప్పు ఉపాధ్యాయుల నుంచి వస్తోంది. మన రెండు రాష్ట్రాల్లోనూ కొందరు మాస్టార్లు బడి వదిలాక ఇంట్లో కూర్చుని సొంత సైట్లు నడుపుతున్నారు. సెలవుల నియమాలు ఒకచోట, పీఆర్సీ ఉత్తర్వులు ఒకచోట, మెడికల్ రీయింబర్స్‌మెంటు ఫారాలు ఒకచోట పెట్టి, ప్రతిదానికీ ఏమిటో, ఎవరికి వర్తిస్తుందో ఒక వాక్యం రాసి పెడుతున్నారు. ఫిబ్రవరి వచ్చేసరికి ఆదాయపు పన్ను లెక్కకు ఎక్సెల్ షీటు కూడా తయారు చేసి ఉచితంగా ఇస్తున్నారు. ఎవరి అనుమతితో? ఏ టెండరు పిలిచి? సిగ్గుచేటైన విషయమేమిటంటే, తమ శాఖ జారీ చేసిన ఉత్తర్వు అవసరమైనప్పుడు ఆ శాఖ గుమాస్తాలే చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్లు ఈ మాస్టార్ల సైట్లకు వెళ్తున్నారు, లేదా ‘సార్, ఆ మెమో ఉంటే పెట్టండి’ అని సంఘం వాట్సాప్ గ్రూపులో అడుగుతున్నారు. అరనిమిషంలో ఎవరో ఒకరు పెడతారు. ఈ పోకడను మొగ్గలోనే తుంచకపోతే ప్రజలు కూడా ఏదో ఒకనాడు ఇంత సౌకర్యాన్ని కోరే ప్రమాదం ఉంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒకరిద్దరు మొండివాళ్లు సమాచార హక్కు కింద దరఖాస్తు పెడతారు. గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ముప్పై రోజుల గడువులో ముప్పయ్యో రోజున పంపవలసిన జవాబు ఒక్కటే: ‘తాము కోరిన సమాచారము శాఖ వెబ్‌సైటు నందు లభ్యమగును.’ కింద లింకు అచ్చువేసి ఇవ్వాలి. ఆ లింకు రెండు వరుసల పొడవుండాలి, మధ్యలో శాతం గుర్తులూ అంకెలూ దట్టంగా ఉండాలి, చివరి నాలుగు అక్షరాలు కాగితం అంచు దాటి పోవాలి. దరఖాస్తుదారు దానిని ఒక్కొక్క అక్షరమే చూసి టైపు చేసుకుంటాడు. పౌరుడికి ప్రభుత్వంతో ఇంత సన్నిహిత సంబంధం మరే పథకమూ కల్పించలేదు.

చివరగా ఒక హెచ్చరిక. ఎప్పుడైనా ఒక ఔట్‌సోర్సింగ్ ఆపరేటరు ఉత్సాహం కొద్దీ సంవత్సరం ముందు వచ్చేలా ఫైళ్లకు పేర్లు పెట్టి, వర్డ్ నుంచి నేరుగా పీడీఎఫ్ తీసి, ఏ ఫారం దేనికో పక్కన తెలుగులో రెండు ముక్కలు రాయవచ్చు. అటువంటప్పుడు ఆఫీసు వరండా ఖాళీ అవుతుంది. ఎదురుగా ఉన్న జిరాక్స్ దుకాణం, దరఖాస్తులు రాసిపెట్టే పెద్దాయన, టీ కొట్టు, ‘రేపు రండి’ అనే మాట మీద నడిచే స్థానిక ఆర్థిక వ్యవస్థ మొత్తం కుదేలవుతుంది. కనుక అధికారులు ఉపేక్షించకుండా అతన్ని ఓటర్ల జాబితా సవరణ పనికి ఆ రోజే డిప్యుటేషన్ మీద పంపాలి. వెళ్లేముందు శాలువా కప్పవచ్చు, ప్రశంసాపత్రం ఇవ్వవచ్చు, ఫొటో తీసి గ్రూపులో పెట్టవచ్చు. వెబ్‌సైటు పాస్‌వర్డ్ మాత్రం ఎవరూ అడిగి తీసుకోకూడదు.