మాత్ర ఒకటే, చీటీలు మూడు

మా నాన్నకి ఉదయం ఏడింటి మాత్ర ఏడింటికే పడాలి. ఎనిమిదైతే చొక్కా గుండీ పెట్టుకోలేరు. తొమ్మిదైతే మంచం మీంచి లేవలేరు. షుగరు మాత్రో బీపీ మాత్రో అరగంట అటూ ఇటూ అయినా మనిషికి పెద్దగా తెలియదు. లెవోడోపా అలాంటిది కాదు. పార్కిన్సన్స్‌లో, మన ఊళ్లలో వణుకుడు జబ్బు అంటామే, అందులో మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గిపోతాయి. ఆ డోపమైన్‌కి ముడిసరుకు లెవోడోపా. అది దారిలోనే ఖర్చైపోకుండా మెదడు దాకా చేరడానికి కార్బిడోపా కలిపి ఇస్తారు. రక్తంలోకి వెళ్లిన మందు సుమారు గంటన్నరలో సగమైపోతుంది. జబ్బు మొదట్లో మెదడే కాస్త డోపమైన్‌ని దాచుకుని సర్దుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ శక్తి పోయి, మనిషి కదలిక మొత్తం మాత్ర వేళ మీదే ఆధారపడుతుంది.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు అటు కలిసింది, చుట్టరికాలు పాతపట్నం, టెక్కలి, శ్రీకాకుళంలో ఉండిపోయాయి. వైద్యం కూడా అలాగే చీలిపోయింది. నరాల డాక్టరు కోసం విశాఖపట్నమో బరంపురమో వెళ్తాం. జ్వరానికి, బీపీకి ఊళ్లో డాక్టరు. కూతురింటికి వెళ్లినప్పుడు అక్కడి ఆర్ఎంపీ. ఒకరి చీటీ ఇంకొకరు చూడరు. ఈ జబ్బు మందుల్లో ప్రమాదమంతా మందులోనే ఉందని జనం భయపడతారు. నేను చూసినంతలో ఎక్కువ ప్రమాదం ఆ చీటీల మధ్య ఖాళీలో ఉంది.

అది ఎలా జరుగుతుందో చూడండి. లెవోడోపా గానీ, డోపమైన్‌లా పనిచేసే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మాత్రలు గానీ వేసుకునేవాళ్లకి లేచి నిలబడగానే బీపీ పడిపోవచ్చు. జబ్బు వల్ల కూడా అలా అవుతుంది. పెద్దాయన వెళ్లి "కళ్లు తిరుగుతున్నాయి" అంటారు. తెలుగులో లోకం గిర్రున తిరిగినా కళ్లు తిరగడమే, లేవగానే చీకట్లు కమ్మినా కళ్లు తిరగడమే. ఒడియాలో మాట్లాడే డాక్టరుకి పక్కనున్నవాళ్లు దాన్ని తర్జుమా చేసేసరికి ఉన్న కాస్త తేడా కూడా పోతుంది. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూస్తే విషయం తేలిపోతుంది. చూడకపోతే సిన్నరిజిన్ రాస్తారు, లేదా ప్రోక్లోర్‌పెరజిన్ రాస్తారు. ఇవి డోపమైన్ పనిని అడ్డుకునే మందులు. వారం తిరిగేసరికి పెద్దాయన మరీ బిగుసుకుపోతారు. "జబ్బు ముదిరింది" అనుకుని నరాల డాక్టరు దగ్గరికి పరుగెడతారు. అక్కడ ఈ కొత్త మాత్ర సంగతి చెప్పకపోతే లెవోడోపా పెంచుతారు. బీపీ ఇంకా పడుతుంది, కళ్లు ఇంకా తిరుగుతాయి. ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఎవరి ముక్క వాళ్లు సరిగానే చూశారు.

మా ఇంట్లో జరిగింది వాంతుల విషయంలో. ఒక రాత్రి నాన్నకి వాంతులు ఆగకపోతే దగ్గర్లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఇంజెక్షన్ ఇచ్చారు, వాంతులు ఆగాయి. తెల్లారేసరికి దవడ బిగుసుకుపోయి గుటక పడలేదు. ఇచ్చింది మెటోక్లోప్రమైడ్. వాంతులకి అది అందరికీ ఇచ్చేదే, కానీ పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి ఇవ్వకూడదు. మెదడులోకి వెళ్లి, మనం మాత్రతో కష్టపడి అందిస్తున్న డోపమైన్‌నే అది అడ్డుకుంటుంది. డోంపెరిడోన్ మెదడులోకి పెద్దగా వెళ్లదు కాబట్టి సాధారణంగా దాన్ని ఎంచుకుంటారు, అదీ గుండె సంగతి చూసుకుని. ఆ రాత్రి "ఈయనకి పార్కిన్సన్స్ ఉంది" అని నేను చెప్పనేలేదు. టెన్షన్‌లో వాంతుల గురించే చెప్పాను. నాన్న మళ్లీ మామూలుగా మింగడానికి మూడు రోజులు పట్టింది.

గ్యాస్ మాత్రల్లోనూ ఇదే ఉంది. ఆమ్లం తగ్గించే మందుతో లెవోసల్‌పిరైడ్ కలిపిన క్యాప్సూల్స్ మన దగ్గర విరివిగా వాడతారు. అదీ డోపమైన్‌ని అడ్డుకునేదే. వయసు మళ్లినవాళ్లు నెలల తరబడి వేసుకుంటే, జబ్బు లేనివాళ్లకి కూడా పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు రావచ్చు. స్ట్రిప్ మీద సన్న అక్షరాల్లో ఉన్న ఆ పేరు చదివి, ఇది పడుతుందా అని అడగండి.

మా సరిహద్దుకి ప్రత్యేకమైన సంగతి ఇంకొకటుంది. గంజాం జిల్లాకి ఆనుకుని అవతల ఉద్దానం. అక్కడి కిడ్నీ జబ్బు గురించి తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రమిపెక్సోల్, ఈ జబ్బుకే ఇచ్చే ఇంకో మందు అమాంటడిన్, ఈ రెండూ ప్రధానంగా కిడ్నీల ద్వారానే బయటికి పోతాయి. కిడ్నీలు బలహీనపడితే మందు ఒంట్లో పేరుకుని భ్రమలు, అయోమయం వస్తాయి. లేని మనుషులు కనిపిస్తున్నారంటే గాలి సోకిందని తీసుకెళ్లే బదులు, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించాలి. ఉద్దానం ఊళ్ల పేషెంటుకి ఈ మందులు మొదలుపెట్టే ముందే ఆ పరీక్ష అడగాలని నా గట్టి అభిప్రాయం. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వల్ల కొందరికి పేకాట, ఖర్చు, కోరికలు అదుపు తప్పుతాయి. పరువు పోతుందని ఇంట్లో దాస్తారు. అది మనిషి బుద్ధి మారడం కాదు, మందు ప్రభావం. డాక్టరుకి చెబితే డోసు మారుస్తారు.

ఈ జబ్బుకి దూలగొండి పొడి వాడొచ్చా అని కూడా అడుగుతుంటారు. దాని గింజల్లో లెవోడోపా ఉన్న మాట నిజం. 1937లోనే దామోదరన్, రామస్వామి దాన్ని వేరుచేసి చూపించారు. అసలు చిక్కు కూడా అదే. మాత్రలో ఎంత మందు ఉందో రాసి ఉంటుంది, పొడిలో ఎంతుందో ఎవరూ చెప్పలేరు. మాత్ర వేసుకుంటూ పైన పొడి తింటే చేతులూ మెడా వాటంతటవే మెలికలు తిరగొచ్చు, బీపీ పడిపోవచ్చు. మాత్ర మానేసి పొడికి మారడం అంతకంటే ప్రమాదం. లెవోడోపా ఒక్కసారిగా ఆపితే తీవ్రమైన జ్వరం, ఒళ్లు కొయ్యబారడం, మతి తప్పడం వరకు వెళ్లి ప్రాణం మీదికి రావచ్చు. షాపులో స్టాకు లేదని నాలుగు రోజులు ఆగడం కూడా ఆపడమే. 110 బదులు 275 ఇచ్చి "ఇదే మందు" అన్నా తీసుకోకండి. 110లో లెవోడోపా 100 మిల్లీగ్రాములు, 275లో 250. నెమ్మదిగా కరిగే సీఆర్ మాత్రని నలిపి పాలల్లో కలపకూడదు.

తిండి విషయం చాలామంది పట్టించుకోరు. పప్పు, గుడ్డు, చేప, పెరుగుల్లోని మాంసకృత్తులు లెవోడోపాతో పోటీపడి దాన్ని లోపలికి పోనివ్వవు. అందుకే తిండికి అరగంట ముందు గానీ, తిన్న గంట తర్వాత గానీ మాత్ర వేసుకోమంటారు. వికారం వస్తే ఒక బిస్కట్ తినొచ్చు. పప్పు మానేయమని కాదు, బలం తగ్గితే ఈ జబ్బులో తట్టుకోలేరు. ఐరన్ మాత్రకి మాత్రం రెండు గంటల ఎడం ఉండాలి.

లెవోడోపా-కార్బిడోపా మన జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉంది. కాబట్టి గజపతి, గంజాం, రాయగడ జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏడాది పొడుగునా దొరకాలని అడిగే హక్కు మనకుంది. ఓపీ చీటీ మీద ఇవ్వకూడని మందుల పేర్లు ఒడియాలో, తెలుగులో, సవరలో అచ్చువేయడం పెద్ద ఖర్చు కాదు. గిడుగు రామమూర్తి ఇదే పర్లాకిమిడిలో వాడుక తెలుగు కోసం, సవర భాష కోసం జీవితం ధారపోశారు. ఆ ఊళ్లో ఇంకా జనం తమకు రాని భాషలో ఉన్న మందు చీటీ పట్టుకుని తిరుగుతున్నారు.

అలా అచ్చువేసిన చీటీ వచ్చేదాకా ఉంటుందని నేను ఒక అట్ట ముక్క మీద రాసుకున్నాను. పైన మాత్ర పేరు, మిల్లీగ్రాములు, నాలుగు వేళలు. కింద ఎర్ర సిరాతో మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, లెవోసల్‌పిరైడ్, సిన్నరిజిన్, ఇంకా మానసిక సమస్యలకి ఇచ్చే హాలోపెరిడాల్, అదీ డోపమైన్‌ని అడ్డుకునేదే. డాక్టర్ల కోసం ఇంగ్లీషులో, మా అమ్మ కోసం తెలుగులో. మొన్న నాన్నకి హెర్నియా ఆపరేషన్ అయినప్పుడు వార్డు నర్సుకి అదే ఇచ్చాను. వార్డులో మందులిచ్చేది ఎనిమిదింటికి. ఆమె అట్ట చదివి, డ్యూటీ డాక్టరుని అడిగి, ఏడింటికే మాత్ర తెచ్చి ఇచ్చింది.